వరసలో ఒక్క గుర్రం

బుకారెస్టు,
1930 అక్టోబరు

చెల్లి స్మరాందకి,

నా కీళ్ళనొప్పి, మీ వదిన సణుగుడు, ఈ రెండూ తప్ప ఇక్కడ చెప్పుకోదగ్గ విశేషాలేం లేవు. ఉన్నట్టుండి ఒక పెద్ద బాధ్యత మాత్రం నెత్తిన పడింది. మన స్టూపిని రిజర్వు అశ్వదళం చరిత్ర రాయమని కల్నల్ మవ్రొదిన్ గారు పిలిచి మరీ అప్పగించారు. వంశక్రమం, చేసిన యుద్ధాలు, పొందిన పతకాలు, అన్నీ అందులో ఉండాలట. బతుకంతా పిల్లలకి చరిత్ర చెప్పినవాణ్ణి, పైగా అదే పటాలంలో రిజర్వు లెఫ్టినెంటుగా చేసినవాణ్ణి, నాకంటే తగినవాడెవడని అన్నారు. ఉచితంగా రాసేవాడు ఇంకెవడూ దొరకలేదన్న సంగతి తర్వాత తెలిసిందిలే.

మొదటి వాక్యం రాసేశాను, చూడు: "సొంత గుర్రం తెచ్చుకుని, నెలలో ఒక వారం దేశానికి కొలువు చేసి, మిగతా రోజులు అదే గుర్రంతో పొలం దున్నుకునే శూరుల పటాలం ఇది." బాగుంది కదా? కల్నల్ గారు పొలం దున్నుకోవడం కొట్టేశారు.

అసలు సంగతికి వస్తాను. సర్కారు దగ్గర డబ్బుల్లేవు. ఒక్క జిల్లాలో రెండు రిజర్వు పటాలాలెందుకు, ఒకటి చాలదా అంటున్నారు. మనం మిగలాలి, లేదా ఏటి అవతల హెర్లెష్టి వాళ్ళు మిగలాలి. ఎవరి వంశం పాతదో, ఎవరి కీర్తి గొప్పదో వాళ్ళది ఉంటుంది, రెండోది రద్దు. మనది పోయిందంటే ఊరి కుర్రాళ్ళు ఇంటిపట్టున ఉండి కొలువు చేసే రోజులు పోయినట్టే. ఎక్కడో కొండల్లో కాల్బలంలో చేరి బూట్లు అరగదీసుకోవాలి. వచ్చే సెయింట్ జార్జి పండక్కి జనరల్ గారే స్వయంగా స్టూపిని వచ్చి చూసి తేలుస్తారట.

మన కీర్తి అంటావా, ఉన్నది ఒక్కటే కదా: 1917 జనవరిలో మన ఊరి పక్క ప్లొపి మైదానం దాడి. మన ఊరు జర్మన్ల చేతిలో ఉంది. మన స్క్వాడ్రను ఏటి పక్కన మంచులో నిలబడి ఉంది. పొద్దుగుంకే వేళ ఒక్కసారిగా ఊరి మీదికి దూకింది, జర్మన్లు తుపాకులు వదిలేసి పారిపోయారు. ఆ రోజు నేను యాష్ పట్నం ఆస్పత్రిలో టైఫస్‌తో పడి ఉన్నాను గనక ఏమీ చూడలేదు. చరిత్ర రాసేవాడికి అదొక అర్హతే అన్నారు కల్నల్ గారు.

నువ్వు కాస్త తీరిక చేసుకుని ఆనాటి వాళ్ళని కలిసి, ఎవరేం చేశారో అడిగి రాయి. సార్జెంటు తనాసెని తప్పకుండా అడుగు. మీ ఆయన్ని మాత్రం కదపకు. మానిన పుండు రేపడం నాకిష్టం లేదు.

నీ అన్నయ్య
పనాయిత్


స్టూపిని,
1930 నవంబరు

అన్నయ్యా,

ఏడాది పొడుగునా ఉత్తరం ముక్క రాయనివాడివి ఇంత పెద్ద ఉత్తరం రాశావంటే ఏదో పనుంటుందనే అనుకున్నాను. ఉంది.

మానిన పుండట! మానిందని నీకెవరు చెప్పారు? ఏటా సెయింట్ జార్జి పండక్కి పటాలం గుర్రాలన్నీ వరసలో నిలబడితే ఇలారియాన్ ఫాదర్ మంత్రజలం చల్లి దీవిస్తారు. మా గుర్రం మాత్రం కంచె బయట నిలబడుతుంది. పిరికివాడని పటాలంలోంచి పేరు కొట్టేశారు కదా, కొట్టేసినవాడి గుర్రానికి దీవెన ఉండకూడదట. దీవెన లేని గుర్రంతో తన గుర్రాన్ని జోడీ కట్టడానికి ఊళ్ళో ఒక్కడూ ఒప్పుకోడు. పద్నాలుగేళ్ళుగా నా మొగుడు ఒక పక్క గుర్రాన్నీ, ఒక పక్క ఆవునీ కట్టి దున్నుతున్నాడు. ఆవు నడిచినట్టు గుర్రం నడవదు, గుర్రం నడిచినట్టు ఆవు నడవదు. మా చాళ్ళు చూసి దారినపోయేవాళ్ళు నవ్వుకుంటూ వెళ్తారు. ఆయన తలెత్తడు. నాకు కడుపు మండిపోతుంది.

సరే, నువ్వు చెప్పావు గనక తనాసె దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడాయన ఊరి పెద్ద, దొరికేది మాత్రం సారాకొట్లోనే. "రాసుకో స్మరాందా, నేను కత్తి దూశాను. తమ్ముళ్ళారా, కన్ననేల పిలుస్తోంది అని కేకేశాను" అన్నాడు.

"కత్తి మంచుకి ఒరలో బిగుసుకుపోయిందని మీ ఆవిడ చెప్పిందే?"

"అది తర్వాత బిగుసుకుంది" అన్నాడు, కన్నైనా ఆర్పకుండా.

బాకా ఊదే మిహాయి అక్కడే ఉన్నాడు. దాడికి బాకా ఊదావా అని అడిగాను. "బాకా సంచిలో అడుగున ఉంది, దాని మీద సారా సీసా ఉంది. సీసా ఖాళీ చెయ్యకుండా బాకా ఎలా తీస్తానమ్మా?" అన్నాడు. కొట్లో వాళ్ళంతా పడీ పడీ నవ్వారు.

అన్నయ్యా, నాటకాలొద్దు. నువ్వీ ఊళ్ళో పుట్టలేదా? సాయంత్రం ప్రార్థనకి చర్చి ముందు వేలాడే చెక్కని కొయ్యసుత్తితో కొట్టగానే ప్రతి ఇంటా గుర్రాలకి నీళ్ళు పెట్టి దాణా వేస్తారు. మన తాతలనాటి నుంచీ అంతే. ఆ చప్పుడు వినబడితే మన గుర్రాలు కట్టుకొయ్యలు పీకేస్తాయి. జర్మన్లు ఉన్నారు కదా అని ఫాదర్ ఆ సాయంత్రం ప్రార్థన మానుకోలేదు. చెక్క కొట్టారు. గాలి మైదానం వైపు వీస్తోంది. గుర్రాలు గింజ మొహం చూసి మూడు రోజులైంది. ఇంకేం కావాలి? వీరులందరూ కళ్ళేలు లాక్కుంటూ, దేవుణ్ణి తలుచుకుంటూ, బతిమాలుకుంటూ ఊళ్ళోకొచ్చి పడ్డారు. మసక చీకట్లో ఇంతమంది అరుచుకుంటూ వచ్చేసరికి జర్మన్లు హడలిపోయారు, అది మాత్రం నిజమే. ఏ గుర్రం దాని పాకలోకి అది వెళ్ళింది. వీరులు ఆ పూట పెళ్ళాల చేతి వంట తిన్నారు.

నా మొగుడు తప్ప. ఆయనెక్కిన బాలానా కొత్త గుర్రం. అంతకు ముందే సంతలో బర్తొష్టి వాడి దగ్గర కొన్నాం. బర్తొష్టి కాథలిక్కుల ఊరు, అక్కడ గంటే గానీ చెక్క లేదు. అన్ని గుర్రాలూ ఒక్కసారి ఎగిరేసరికి అది బెదిరి, తనకి తెలిసిన ఇంటికి పరిగెత్తింది. ఆ ఇల్లు వెనక వైపు ఉండడం మా ఖర్మ.

గుర్రాలు ఎటు తీసుకెళ్తే అటే వెళ్ళారు అందరూ. ఇటు వచ్చినవాళ్ళు వీరులయ్యారు, అటు వెళ్ళినవాడు పిరికివాడయ్యాడు. ఈ సంగతి ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. తెలియనిది నీ బుకారెస్టు కాగితాలకే. కలం ఇప్పుడు నీ చేతికొచ్చింది. మీ బావ గుర్రాన్ని ఒక్కసారి ఆ వరసలో నిలబెట్టు. నేను నిన్ను ఇంకేదీ అడగను.

స్మరాంద


బుకారెస్టు,
1930 డిసెంబరు

చెల్లీ,

నీ ఉత్తరం అందింది, చదివాను, పొయ్యిలో వేశాను. ఈమధ్య కల్నల్ గారు చెప్పాపెట్టకుండా కాఫీకి వస్తున్నారు.

వంశక్రమం పని బ్రహ్మాండంగా నడుస్తోంది. హెర్లెష్టి వాళ్ళు తమది రోమను అశ్వదళం సంతతి అని రాసుకున్నారట. కల్నల్ గారికి నిద్ర పట్టలేదు. "మనం రోముకి ముందు వెళ్ళలేమా?" అని అడిగారు. నేను కష్టమన్నాను. చివరికి ఒక మఠం కాగితాల్లో మన ప్రాంతపు సరిహద్దు రౌతుల ప్రస్తావన దొరికింది, ఏ నాలుగైదు తరాల కిందటిదో. ఆ రౌతుల గుర్రాలు మఠం క్యాబేజీ తోట మొత్తం మేసేశాయని సన్యాసులు ఆనాటి రాజు వోయివోడుకి పెట్టుకున్న మొర అది. కల్నల్ గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇదే మన మొదటి యుద్ధం" అన్నారు. క్యాబేజీ మాట తీసేసి "మఠం భూముల్లో జయప్రదంగా ముందుకు సాగిన అశ్వదళం" అని రాయించారు. నేను రాశాను. ఏం చెయ్యను?

ఇక దాడి విషయం. గుర్రాలు దాణాకి వెళ్ళాయని రాస్తే ఈ పటాలాన్ని ఎవరుంచుతారు చెప్పు? బావ ఒక్కడి కోసం ఊరందరి పిల్లల్నీ కొండల్లోకి పంపించనా? పైగా బావ పేరు కొట్టేసిన ఆనాటి ఉత్తర్వులో ఉన్నదాన్ని నేను లేదనలేను. తెల్లగుర్రం తెలుపు కనబడాలంటే పక్కన నల్లగుర్రం ఉండాలంటారు కల్నల్ గారు. అందుకని ఇలా రాశాను: "ఒకే ఒక్కడు తప్ప, స్క్వాడ్రను యావత్తూ ఒక్క మనిషిలా దూకింది." పేరు వేయలేదు. అంతవరకు నా మాట నెగ్గించుకున్నాను.

పనాయిత్


స్టూపిని,
1931 జనవరి

పేరు వేయలేదా? ఎంత దయ! ఈ చుట్టుపక్కల ఐదూళ్ళలో ఆ ఒకే ఒక్కడు ఎవరని గొర్రెని అడిగినా మా ఇల్లు చూపిస్తుంది.

నీ ఉత్తరం నేను దాచేలోపే ఆయన చూశాడు. చదివి నవ్వాడు. "మీ అన్నయ్య రాత ఇంకా గుండ్రంగానే ఉంది" అన్నాడు. పళ్ళెంలో మొక్కజొన్న మామాలిగా ముద్ద అలాగే వదిలేసి పాకలోకి వెళ్ళి, అక్కడే కూచున్నాడు.

ఇంకొక్కటి చెప్తాను, అదీ పొయ్యిలో వేసుకో. ఆ రోజు బాలానా బర్తొష్టిలో పాత యజమాని పాక దాకా వెళ్ళి గానీ ఆగలేదు. యజమాని దానికి దాణా వేశాడు, ఈయనకి పాలు కాచి ఇచ్చాడు, పొద్దున్నే వెళ్దువుగానిలే అన్నాడు. ఈయన ఉండలేదు. గుర్రం వెనక్కి రానని మొండికేస్తే కళ్ళెం పట్టుకుని మంచులో నడిపించుకుంటూ తెల్లారేసరికి మైదానానికి తిరిగొచ్చాడు. అక్కడ ఒక్కడూ లేడు. నీ వీరులంతా ఇళ్ళల్లో దుప్పట్లు కప్పుకుని ఉన్నారు. పిలవకుండా, తరమకుండా, సొంత కాళ్ళ మీద యుద్ధానికి తిరిగొచ్చింది మీ బావ ఒక్కడే. ఊళ్ళోకి వచ్చీరాగానే పారిపోయినవాడని పట్టుకున్నారు.

నీకు దీవెనలూ లేవు, నమస్కారాలూ లేవు.


బుకారెస్టు,
1931 ఫిబ్రవరి

చెల్లీ, కోపం చాలించు. దారి దొరికింది.

రెండు వారాలు కల్నల్ గారి చుట్టూ తిరిగాను. నా కీళ్ళకి మంచిదని మీ వదిన దాచిపెట్టిన తేనె కూడా వాళ్ళింటికే చేరింది. చివరికి ఒప్పుకున్నారు. మనం రాసేది ఇది: దాడికి ముందు సార్జెంటు తనాసె, మన బావ గవ్రిల్ బుజ్దుగాన్‌ని వెనక దళాల సాయం కోసం దూతగా పంపాడు. గవ్రిల్ ఒంటరిగా మంచులో ప్రాణాలకి తెగించి వెళ్ళి, తెల్లారేసరికి తిరిగొచ్చాడు. వెళ్ళడం నిజం, మంచు నిజం, రావడం నిజం. మధ్యలో ఒక్క మాటే కదా మనం కలిపేది! తనాసె ఒప్పుకున్నాడు, తనకి ఆజ్ఞలిచ్చే తెలివుందని ఇంకో పేజీలో కూడా తేలుతుంది గనక. పేరు మళ్ళీ పటాలంలో చేరుతుంది, గుర్రం వరసలో నిలబడుతుంది, ఒక కంచు పతకం కూడా రావచ్చు.

బావ చెయ్యాల్సింది ఒక్కటే. "తనాసె ఆజ్ఞ మేరకు వెళ్ళాను" అని రాసిన కాగితం ఇందులో పెట్టాను. కింద సంతకం పెట్టించి వెంటనే పంపు.

పనాయిత్


స్టూపిని,
1931 మార్చి

అన్నయ్యా,

కాగితం తిరిగి పంపిస్తున్నాను. సంతకం లేదు. దాని మీద మరక మా ఆవు జోయానా నాలుక. ఆయన కాగితాన్ని ఆవు ముందు పెట్టాడు, అది కూడా వద్దంది.

నేను ఊరుకున్నాననుకున్నావా? "ఓ మహానుభావా, పద్నాలుగేళ్ళ తర్వాత పతకం ఇంటికొస్తానంటే కాలదన్నుతావా? కంచైనా పతకమే, నా ముఖాన వేలాడదీసుకుని సంతకెళ్తాను, పెట్టు సంతకం!" అన్నాను.

"తనాసె నాకేం చెప్పలేదు కదే."

"చెప్పాడనుకో!"

"ఆ రోజు వాడు చెప్పిన మాట ఒక్కటే, 'అమ్మోయ్' అని. దానికి సాయం తెమ్మని అర్థం వస్తుందా?"

"నీ మంచికే కదా మా అన్నయ్య ఇంత తంటాలు పడింది!"

"మీ అన్నయ్య మంచివాడే" అన్నాడు. కాగితం మడిచి, "నాకు వీరుడి పేరు వద్దు స్మరాందా. నేను పారిపోలేదు, వాళ్ళు దూకలేదు. అందరం ఒకటే అని నిలబెడితే నిలబడతాను. లేదంటే కంచె బయట నాకు అలవాటే" అన్నాడు.

ఇలాంటి మనిషితో నేను వేగుతున్నాను. నీకు కోపం వస్తే నా మీద చూపించకు. నాకే ఆయన మీద పీకల దాకా ఉంది. ఆ మాట అన్నప్పుడు మాత్రం ఏడుపొచ్చింది, పొగ అని చెప్పాను.

స్మరాంద


బుకారెస్టు,
1931 ఏప్రిల్

చెల్లీ,

కీళ్ళు పట్టేశాయి, నేను రాలేను. జనరల్ గారు వచ్చే ఏర్పాట్లు ఇవీ, విను.

ఈ గడ్డురోజుల్లో మనవాళ్ళు చాలామంది గుర్రాలు అమ్మేసుకున్నారు. వరస పలచగా ఉంది. పలచటి పటాలాన్ని చూస్తే జనరల్ గారు అక్కడికక్కడే రద్దు చేసిపోతారని కల్నల్ గారి భయం. అందుకని గుర్రం ఉన్న ప్రతివాణ్ణీ నిలబెట్టమన్నారు. నేను బావ పేరు ఇరికించాను. వరసలో నిలబడతాడు, చెల్లీ!

కాకపోతే ఒక చిన్న నిబంధన. జనరల్ గారు వరసంతా చూసి అయ్యాక ప్లొపి దాడిని మళ్ళీ చేసి చూపిస్తారు. అంతకు ముందే కల్నల్ గారు సైగ చేస్తారు, బావ పక్కకి తప్పుకోవాలి. ఆనాడు దూకనివాడు ఈనాడు దూకితే చరిత్రకి విరుద్ధమట. దాడి తర్వాత దీవెన, అది పేరున్నవాళ్ళకే. లెక్క కోసం నిలబడ్డం వరకే బావ పని. నన్ను తిట్టకు. ఇంతకంటే నా వల్ల కాలేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. జనరల్ గారు మధ్యాహ్నానికే వస్తారు గానీ, ఒకవేళ ఆలస్యమైతే, ఆయన వెళ్ళేదాకా సాయంత్రం చెక్క కొట్టొద్దని ఇలారియాన్ ఫాదర్‌కి గట్టిగా చెప్పు. సుత్తి ఎక్కడైనా దాచేస్తే ఇంకా మంచిది. కారణం అడక్కు.

పనాయిత్


స్టూపిని,
1931 ఏప్రిల్, పండగ మర్నాడు

అన్నయ్యా,

కారణం అడగలేదు. పొయ్యిలో వేసిన ఉత్తరం నీ బుర్రలో ఇంకా కాలుతోందని తెలిసి సంతోషించాను.

చెప్పమన్నట్టే ఫాదర్‌కి చెప్పాను. ఆయన సుత్తి తీసి నాకే ఇచ్చి, "నీ దగ్గర ఉంచమ్మా, నాకు మతిమరుపు" అన్నారు. కాబట్టి ఫాదర్‌ని ఎవరూ తప్పు పట్టకూడదు. పైగా జరిగినంతసేపూ ఆయన మంత్రజలం బకెట్టు పట్టుకుని జనరల్ పక్కనే నిలబడి ఉన్నారు. మైదానంలో జరిగిన మాటలన్నీ ఆయన చెప్పినవే. మీ బావ నోటి నుంచి రాబట్టాలంటే నాకు ఇంకో పద్నాలుగేళ్ళు పట్టేది.

జనరల్ కారు బురదలో దిగబడింది. ఎద్దుల్ని కట్టి లాక్కొచ్చేసరికి పొద్దు వాలిపోయింది. పొద్దుట్నుంచీ నిలబడ్డ గుర్రాలకి నీళ్ళూ లేవు, దాణా లేదు, తోమిన జీనులు మాత్రం తళతళ మెరుస్తున్నాయి. మన స్టెలా వరసలో చివర ఉంది. స్టెలా ఎవరనుకున్నావు, ఆ బాలానా కూతురే. కానీ ఇది మన పాకలో పుట్టింది, పుట్టిన రోజు నుంచీ చెక్క విని దాణా తిన్నది. మీ బావ పాత కోటు వేసుకున్నాడు. ఊరంతా మైదానంలో ఉంది. నేను చర్చి దగ్గర ఉన్నాను. గుట్ట మీది నుంచి మైదానం బాగా కనబడుతుంది.

జనరల్ వరసంతా చూసుకుంటూ వచ్చాడు. కల్నల్ చెయ్యెత్తి మీ బావకి సైగ చెయ్యబోయాడు, పక్కకి పొమ్మని. సరిగ్గా అప్పుడు చెక్క మోగింది.

ఎవరు కొట్టారని అడక్కు. ఈ పొద్దున నా కుడిచెయ్యి పైకి లేవడం లేదు. పండగ రొట్టెలకి పిండి పిసికాను, అది రాసుకో.

ఇక చూడాలి అన్నయ్యా! మొత్తం పటాలం ఒక్క మనిషిలా దూకింది, నువ్వు రాసినట్టే. తనాసె అయితే అందరికంటే ముందు, జీను మీద సగం, గాలిలో సగం. ఈసారి కూడా "అమ్మోయ్" అనే అన్నాడట. వాళ్ళు మైదానం సగం దాటాక కల్నల్‌కి తెలివొచ్చి, కత్తి దూసి "దాడి చెయ్యండి!" అని కేకేశాడు. వినడానికి ఎవరూ లేరు. గిట్టల చప్పుడు నా పక్క నుంచే ఊళ్ళోకి వెళ్ళింది, ఎవరి పాకకి వాళ్ళు.

నేను చెక్క మీది నుంచి చెయ్యి తియ్యకుండా స్టెలా కోసం చూస్తున్నాను. వచ్చెయ్యవే తల్లీ, ఆయన్ని కూడా అందరితో తీసుకొచ్చెయ్ అని మొక్కుకున్నాను. నాకు ఇంకేమీ వద్దు. జనరల్ చూస్తుండగా నా మొగుడు ఒక్కసారి అందరితో పాటు ఇటు వైపు పరిగెత్తాలి, అంతే.

రాలేదు! మైదానంలో ఒక్కటే గుర్రం. స్టెలా వెనక్కాళ్ళ మీద లేస్తోంది, తిరుగుతోంది, నోట్లో నురుగు. ఈయన దాని మీద మేకులా కూచుని కళ్ళెం పట్టాడు. పద్నాలుగేళ్ళకి ఒక్క మంచి అవకాశం వస్తే మొండిగా పట్టుకు కూచున్నాడు! సుత్తి విసిరికొట్టి నేలమీద కూలబడ్డాను. గుర్రం చివరికి వణుక్కుంటూ నిలబడింది.

జనరల్ నడుచుకుంటూ దగ్గరికి వచ్చాడట. "వాళ్ళంతా ఎక్కడికి వెళ్ళారు?"

"దాడికి, ఎక్సలెన్సీ!" అన్నాడు కల్నల్.

"మిమ్మల్ని కాదు. ఇతన్ని అడిగాను."

"ఇంటికి దొరా" అన్నాడు మీ బావ.

"నువ్వెందుకు వెళ్ళలేదు?"

"లెక్క కోసం ఇక్కడ నిలబడమన్నారు దొరా. ఇంకో ఆజ్ఞ ఏదీ రాలేదు."

జనరల్ ఊరి వైపు చూశాడట. అప్పటికి ప్రతి పాకలోంచీ నీళ్ళ బాల్చీల చప్పుడు వస్తోంది. "పదిహేడులో కూడా ఇలాగే జరిగిందా?" అని అడిగాడు.

 కల్నల్ మొహంలో నెత్తురు చుక్క లేదట. ఒక్క మాట అన్నయ్యా, ఆయన ఒక్క మాట చాలు. అవును దొరా అంటే చాలు, మచ్చ కడుక్కుపోయేది. పటాలం కూడా పోయేదనుకో. ఏమన్నాడో తెలుసా?

"పదిహేడులో నేను చూడలేదు దొరా. నా గుర్రం అటు తిరిగి ఉంది."

జనరల్ గుర్రానికి ఇంకా దగ్గరగా వచ్చాడట. మీ బావ చేతుల వంక చూశాడట. కళ్ళెం లాగి లాగి అరచేతులు చీరుకుపోయాయి. తర్వాత ఫాదర్ వైపు తిరిగి, "ఇంకా దేనికి ఆగారు? దీవెన కానివ్వండి" అన్నాడు.

"ఎక్సలెన్సీ, వరసలో ఒక్క గుర్రమే ఉంది."

"ఒక్కటైనా నిలబడి ఉంది కదా, కానివ్వండి" అన్నాడు.

ఫాదర్ మంత్రం మొత్తం చదివారు, పటాలానికంతటికీ చదివినంత. చిలకరించడం వదిలేసి, బకెట్టెత్తి గుర్రం మీదా మనిషి మీదా గుమ్మరించేశారు. ఇద్దరూ తడిసి ముద్దై ఇంటికొచ్చారు.

ఎందుకు పట్టుకున్నావు, వదిలేస్తే పోయేది కదా అని అడిగాను. "ఒకసారి గుర్రం తీసుకెళ్ళిన చోటికి వెళ్ళాను స్మరాందా. అది చాలు" అన్నాడు.  ఆయన చేతులకి వెన్న రాశాను. పటాలం ఉంటుందో ఊడుతుందో నాకు తెలియదు. ఊడితే ఊరు నన్ను తన్ని తరిమేస్తుంది. సిద్ధంగానే ఉన్నాను.

స్మరాంద


బుకారెస్టు,
1931 మే

చెల్లీ,

నీ చెయ్యి ఎలా ఉంది? పిండి పిసకడం తగ్గించు.

పటాలం ఉంది! రద్దయింది హెర్లెష్టి వాళ్ళది. మంత్రిత్వశాఖ రాసిన కారణం ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఆజ్ఞ కోసమైనా ఆగకుండా శత్రువు మీదికి దూకే స్వభావం స్టూపిని గుర్రాల రక్తంలోనే కలదు. హెర్లెష్టి గుర్రాలు ఆజ్ఞ అయ్యేదాకా కదలకపోవడం ఉత్సాహలోపమును సూచించుచున్నది." రోము వంశం ఏమీ పనికిరాలేదు. కింద జనరల్ గారు తన చేత్తో ఒక వాక్యం కలిపారు: "ఈ పటాలపు గుర్రాలకు సాయంత్రపు దాణా ఎట్టి పరిస్థితిలోనూ ఆలస్యము కారాదు." దాని అర్థమేమిటని కల్నల్ గారు నన్నడిగారు. జంతుప్రేమ అన్నాను.

పుస్తకం అచ్చుకి వెళ్ళింది. క్యాబేజీలు లేవు, బాకా ఉంది, తనాసె కత్తి కూడా ఉంది. "ఒకే ఒక్కడు" అన్న వాక్యం కొట్టేశాను. నల్లగుర్రం ఏదీ అని కల్నల్ గారు అడిగితే, జనరల్ గారిని అడిగి వేద్దామా అన్నాను. అక్కర్లేదన్నారు. చివరి పేజీలో మాత్రం ఒక వాక్యం నా అంతట నేను రాశాను, ఎవరినీ అడగలేదు: "1931 సెయింట్ జార్జి పండగనాడు వరసలో నిలబడి దీవెన అందుకున్న రౌతు: గవ్రిల్ బుజ్దుగాన్." ఆ పుస్తకం మొత్తంలో నేను ప్రమాణం చేసి చెప్పగలిగిన వాక్యం అదొక్కటే. 

పనాయిత్


స్టూపిని,
1931 అక్టోబరు

అన్నయ్యా,

పుస్తకం అందింది. ఆయన పొయ్యి దగ్గర కూచుని మొదటి నుంచీ చదువుతానన్నాడు. మఠం భూముల దగ్గర నిద్రపోయాడు. నేనే చివరి పేజీ తీసి ముక్కు ముందు పెట్టాను. చదివాడు. ఇంకోసారి చదవమంటే నేను చదివాను. "బాగుంది గానీ, గుర్రం పేరు వెయ్యలేదే మీ అన్నయ్య" అన్నాడు. ముఖం అటు తిప్పుకుని చాలాసేపు కొరకంచు ఎగదోశాడు. పొగ అన్నాడు. సరే అన్నాను.

గోధుమ వేసే రోజులొచ్చాయి కదా. మొన్న పొద్దున్నే తనాసె తన గుర్రాన్ని తోలుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. ఊరి పెద్ద, ప్లొపి వీరుడు, టోపీ తీసి చేత్తో నలుపుకుంటూ, "గవ్రిల్, నాదొకటి, నీదొకటి, జోడీ కడదామా?" అన్నాడు. నాకు పద్నాలుగేళ్ళ మాటలు నోటి దాకా వచ్చాయి. మీ బావ నా వంక ఒక చూపు చూశాడు, మింగేశాను. తనాసెకి కాఫీ పెట్టిచ్చాను, చక్కెర మాత్రం వెయ్యలేదు.

చాళ్ళు ఇప్పుడు గీత గీసినట్టు తిన్నగా వస్తున్నాయి. దారినపోయేవాళ్ళు నవ్వడం లేదు. ఆవుతోనే చిక్కొచ్చిపడింది. పద్నాలుగేళ్ళ అలవాటు కదా, జోయానా రోజూ తెల్లారగానే పొలానికి వచ్చి నాగలి పక్కన నిలబడుతోంది. తోలితే పోదు. నిన్న మీ బావ దాని మెడ మీద చెయ్యేసి, చెవిలో ఏదో చెప్పి ఇంటికి మళ్ళించాడు. ఏం చెప్పావని అడిగాను.

"ఏముంది? ఇకమీదట నువ్వు రిజర్వు, పిలిచినప్పుడు వద్దువుగాని అని చెప్పాను."

నీ చెల్లెలు
స్మరాంద